ఆయుధమునకు రశీదు

ప్రజలు తమ వెంట దెచ్చుకొనిన వస్తువును ద్వారముకడ విడిచి లోనికి రమ్మని శాసించు ప్రభుత్వము, ఆ వస్తువును భద్రపరచి తిరిగి యొప్పగించు బాధ్యతను గూడ వహింపవలెనా, అక్కరలేదా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. కాని పౌరునకును ప్రభుత్వమునకును గల సంబంధ మెట్టిదో తేల్చు ప్రశ్నలలో నిదియు నొకటి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో తుపాకి విషయమున నీ ప్రశ్న ప్రతిదినమును కచ్చేరీల గుమ్మములకడ నెదురగుచున్నది. అచ్చటి తగవు అచ్చటివారిదే యని మనము ముఖము త్రిప్పుకొనరాదు. వేలకొలది తెలుగు కుటుంబము లాదేశమున స్థిరపడియున్నవి. అంతకంటె ముఖ్యముగా, ఆ తగవులోని న్యాయసూత్రము మన కోర్టులకును, మన పోలీసుస్టేషనులకును, మన పరీక్షాకేంద్రములకును సమానముగా వర్తించునది.

విషయమును మొదట నున్నదున్నట్లు చెప్పుదుము. అమెరికా రాజ్యాంగపు రెండవ సవరణ ఆయుధము కలిగియుండు హక్కును వ్యక్తికే యిచ్చుచున్నదని ఆ దేశపు సుప్రీముకోర్టు 2008లో హెల్లర్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఆ హక్కు ఇంటిగడపతో నాగిపోదనియు, ఆత్మరక్షణార్థము వీథిలో పిస్తోలు ధరించుటకు గూడ వర్తించుననియు 2022లో బ్రూయెన్ వ్యాజ్యమున నిర్ణయించినది. 2024 నాటికి 29 రాష్ట్రములలో, అర్హుడైన వయోజనుడు అనుమతిపత్రము లేకయే పిస్తోలును దుస్తులలో మరుగుపరచి ధరింపవచ్చునను చట్టము లేర్పడినవి. అయితే ఈ హక్కునకు హద్దు గలదని ఆ తీర్పులే పలికినవి. పాఠశాలలు, ప్రభుత్వభవనములు అని మొదటి తీర్పును, శాసనసభలు, ఓటింగు స్థలములు, న్యాయస్థానములు అని రెండవ తీర్పును సున్నితస్థలములను బేర్కొని, అట్టి చోట్ల ఆయుధనిషేధము చెల్లునని యంగీకరించినవి. 1988లో చేసిన కేంద్ర చట్టము ననుసరించి, కేంద్రోద్యోగులు పనిచేయు భవనములోనికి తెలిసి తుపాకి గొనిపోయిన వానికి ఒక సంవత్సరము వరకును, కేంద్ర న్యాయస్థానములోనికి గొనిపోయిన వానికి రెండు సంవత్సరముల వరకును ఖైదు విధింపవచ్చును. ప్రజలు ప్రవేశించు ప్రతి ద్వారమునను ఈ నిషేధమును దెలుపు ప్రకటన కంటికి గనబడునట్లుంచవలెనని గూడ నా చట్టమే విధించినది.

ఈ నిషేధమును మేము తప్పుపట్టము. వాదిప్రతివాదులు కసితో నెదురెదురుగా కూర్చుండు స్థలమున తుపాకికి దావులేదు. 2021 సెప్టెంబరు 24న ఢిల్లీలోని రోహిణీ కోర్టుహాలులో, న్యాయవాదుల వేషమున ప్రవేశించిన యిరువురు విచారణకు దేబడిన ఖైదీని కాల్చిచంపిరి. పోలీసులు వారిని ఆ హాలులోనే కాల్చివేసిరి. న్యాయము కోరి వచ్చినవారు బల్లల క్రింద దాగికొనవలసిన దుర్గతి పట్టిన చోట న్యాయము నిలువదు. కావున ద్వారముకడ సోదా యుండవలసినదే. కట్టుదిట్టములు గావలసినవే. మా ప్రశ్న నిషేధమును గూర్చి కాదు, నిషేధమునకు తరువాతి మెట్టును గూర్చి.

చట్టబద్ధముగా ఆయుధము ధరించిన పౌరుడు గుమ్మముకడకు వచ్చెను. గోడమీది ప్రకటన జూచెను. ఇప్పుడాతడేమి చేయవలెను? ఇంటికి బోయి రమ్మందురా, ఆతని యిల్లు నలువది మైళ్ల దూరమున నుండవచ్చును. కారులో బెట్టి రమ్మందురా, ఆ కారే తుపాకిదొంగలు వెదకు పెట్టె. 2017 మొదలు 2021 వరకు గల యైదేండ్లలో ఆ దేశమున పౌరులవద్ద పదిలక్షలకు పైగా తుపాకులు దొంగిలింపబడినట్లు ఫిర్యాదు లందినవని అచ్చటి కేంద్ర ఆయుధశాఖవారి నివేదికయే చెప్పుచున్నది. నిలిపియుంచిన బండ్ల అద్దములు పగులగొట్టి తుపాకు లెత్తుకొనిపోవుట అచ్చటి నగరములలో పోలీసులకు నిత్యానుభవము. కచ్చేరీ లోపలి నలుగురి క్షేమముకొరకు చేసిన నియమము, కచ్చేరీ వెలుపల దొంగచేతికి తుపాకి నందించు నియమముగా పరిణమించినచో, దానివలన ఊరికి గలిగిన మేలేమి?

కారుగలవాని గతి యిట్లుండగా, కారులేని వాని గతి యేమి? బస్సులో వచ్చినవాడును, కాలినడకను వచ్చినవాడును తన పిస్తోలును ఏ పొదలో దాచవలెను? అమెరికాలో గూడ బీదవారు కలరు. బస్సుపై నాధారపడి బ్రదుకువారు కలరు. వెంటాడి బెదరించు దుష్టుని భయముచే పిస్తోలు వెంటనుంచుకొను స్త్రీ, ఆ దుష్టునిపై రక్షణోత్తరువు కోరుటకే కోర్టునకు వచ్చుచుండును. లోపల నామెకు పోలీసుల రక్షణ గలదు. వచ్చునప్పుడును పోవునప్పుడును త్రోవలో నామెకు రక్షణ యెవరు? ఆయుధమును ఇంటనే విడిచి రమ్మని చెప్పుట, ఆ త్రోవ పొడవునను ఆమెను నిరాయుధను జేయుటయే. నిషేధము గుమ్మము లోపలికి మాత్రమే యుద్దేశింపబడినది. దాచుచోటు లేకుండుటచే నది గుమ్మము వెలుపలి వీథులకెల్ల వ్యాపించుచున్నది. శాసనకర్తలు చేయని నిషేధమును, ఒక పెట్టె లేమి చేయుచున్నది.

ఇంకొక విశేషము గలదు. ప్రభుత్వభవనమునకు వచ్చువా రందరును తమ యిష్టమున వచ్చువారు కారు. జూరీలో కూర్చుండ రమ్మని సమను వచ్చును. సాక్ష్యమిమ్మని సమను వచ్చును. రాకున్న శిక్ష గలదు. రమ్మని యొక చట్టము, తేవద్దని యొక చట్టము ఆజ్ఞాపించునప్పుడు, ఆ రెండాజ్ఞలను నడుమ నిలిచి పొందుపరుప వలసినవా డాజ్ఞాపించినవాడే గాని, ఆజ్ఞకు లోబడినవాడు కాడు. నాటకశాలవారు తేవద్దన్నచో నాటకము మానుకొనవచ్చును. న్యాయాధికారి రమ్మన్నచో మానుకొను వీలులేదు.

పోస్టాఫీసుల సంగతి మరియు చిత్రము. అచ్చటి తపాలాశాఖ నియమము, భవనములోనే గాక తపాలాశాఖవారి స్థలమున నెచ్చటను తుపాకి ధరింపగూడదనియు, దాచగూడదనియు చెప్పుచున్నది. అనగా ఆవరణములో నిలిపిన సొంతబండిలో తాళమువేసి యుంచుటయు నేరమే. కొలరాడో రాష్ట్రములో ఏవన్ అను చిన్నయూరివా డొకడు, తన యింటికి ఉత్తరములు తెచ్చి యిచ్చు ఏర్పాటు లేకపోవుటచే పోస్టాఫీసునకు బోవక తప్పదనియు, తుపాకిని బండిలో నుంచుకొననైన నిమ్మనియు కోర్టుకెక్కెను. 2013లో క్రిందికోర్టు బండిమట్టుకు ఆతని మొర నాలకించినది. 2015లో పై అప్పీలుకోర్టు ఆ తీర్పును త్రిప్పివేసినది. 2016లో సుప్రీముకోర్టు జోక్యము చేసికొన నిరాకరించినది. మరల 2024 జనవరిలో ఫ్లారిడాలోని కేంద్ర న్యాయాధిపతి, పోస్టాఫీసులో తుపాకి కలిగియున్నందుకు తపాలాశాఖ యుద్యోగిపై మోపిన యభియోగము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. ఇన్ని యేండ్ల వ్యాజ్యములకు, ఇన్ని వకీలుఫీజులకు బదులుగా, గోడకు నాలుగు ఇనుప పెట్టెలు బిగించినచో తగవులో సగము తీరియుండెడిది గాదా?

ఇది మా యూహ మాత్రమే కాదు. ఆ దేశమునందే దీనిని చేసి చూపినవారు కలరు. సియాటిల్ నగరము గల వాషింగ్టన్ రాష్ట్రమున, న్యాయస్థానములలో ఆయుధములు నిషేధించిన చట్టమే, స్థానికప్రభుత్వము ఆ భవనములోనే పిస్తోళ్లు పట్టు తాళపుపెట్టె నేర్పరచి తాళపుచెవి యజమానున కీయవలెననియు, లేదా ఆయుధములను స్వీకరించు నొక యధికారిని నియమింపవలెననియు విధించినది. అంతటితో విడువక, అజాగ్రత్తచే నా యాయుధము చెడినను పోయినను స్థానికప్రభుత్వమే నష్టపరిహార మిచ్చుకొనవలెనని గూడ వ్రాసినది. పెన్సిల్వేనియా రాష్ట్రమున ప్రతి కౌంటీయు 2002 జూలై 1 లోపల న్యాయస్థానభవనములలో లాకరుల నుచితముగా నేర్పాటు చేయవలెననియు, ఆయుధము నప్పగించినవానికి రశీదు నీయవలెననియు చట్టము చేసిరి. ఒహయో రాష్ట్రమువారు మాత్రము సగముదారిలో నాగిరి. అచ్చట లైసెన్సు గలవాని పిస్తోలును కోర్టుభవనపు అధికారి స్వీకరించి, యాతడు వెడలువరకు భద్రపరుపవచ్చును. కాని యట్టి సదుపాయమును గల్పించుటయు, గల్పింపకుండుటయు నా యధికారి యిష్టము. మొదటి రెండు రాష్ట్రములలో నది పౌరుని హక్కు. మూడవదానిలో నది అధికారి దయ. ఒకే రాష్ట్రమున నొకయూరి కోర్టులో నేరముకానిది పొరుగూరి కోర్టులో నేరమగుట దయాధర్మమువలన గలుగు ఫలము. ఇక కేంద్రప్రభుత్వ భవనముల చట్టమున గోడమీది ప్రకటనకు చోటున్నది గాని, గోడకు బిగించు పెట్టెకు చోటులేదు.

ఈ యేర్పాటు నూతనకల్పనయు గాదు. పశువుల మందలను తోలుకొనుచు కౌబాయిలు వచ్చిపోవు కాలమున, 1870 తరువాతి యేండ్లలో, కాన్సాస్ రాష్ట్రపు విచిటా పట్టణమున ప్రవేశించువారు తమ రివాల్వరులను పోలీసుకచ్చేరిలో నప్పగించి గుర్తుబిళ్ల తీసికొనవలసియుండెను. అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణమున 1881లో చేసిన శాసనము ననుసరించి, ఊరిలోనికి వచ్చువారు తమ యాయుధములను ఒప్పగింపవలసియుండెను. ఆ యేడాది అక్టోబరు 26న, ఆ శాసనమునకు లోబడనివారికిని పోలీసులకును జరిగిన కాల్పులే నేటివరకు సినిమాలలో మరల మరల చూపబడుచున్నవి. మోటుదనమునకు పేరొందిన యా పశ్చిమసీమలో గూడ, తుపాకి దిగవిడువుమన్నవాడు దానిని తీసికొని బిళ్ల యిచ్చు మర్యాద నెరిగియుండెను. యంత్రములతో సోదాచేయు నేటి కచ్చేరీలకు ఆ మర్యాద దుర్లభమా?

మన దృష్టితో జూచినచో ఈ న్యాయము మరియు పురాతనము. మనుస్మృతి బేర్కొన్న పదునెనిమిది వ్యవహారపదములలో ఋణము తరువాత రెండవది నిక్షేపము. నమ్మి దాచుమని యిచ్చిన సొమ్మును తిరిగి యీయనివాడును, ఈయకయే యిచ్చితినని యడుగువాడును దొంగలవలెనే దండ్యులని ధర్మశాస్త్రము చెప్పినది. పదుమూడవ శతాబ్దమున కేతన రచించిన విజ్ఞానేశ్వరీయము ద్వారా మితాక్షరాన్యాయము తెలుగువారికి తెలుగుననే యందినది. మనదేశమున నేటికిని చెల్లుచున్న 1872 నాటి కాంట్రాక్టుచట్టము, 151వ సెక్షనులో, పరుని వస్తువు నుంచుకొన్నవాడు వివేకవంతుడు తన సొంతవస్తువును గాచుకొనునట్లు దానిని గాపాడవలెనని విధించుచున్నది. పనిదీరినంతనే, అడుగకున్నను, తిరిగి యప్పగింపవలెనని 160వ సెక్షను చెప్పుచున్నది. ఈ భారము ప్రభుత్వమునకు లేదనువారు 1967 నాటి మన సుప్రీముకోర్టు తీర్పును చదువవలెను. పూర్వపు జునాగఢ్ సంస్థానమున సుంకపుశాఖవారు ఒక వర్తకుని మోటారుబండ్లను పట్టుకొని, కావలిలేక పాడుపెట్టి, తుదకు దిక్కులేని సొత్తని యమ్మించిరి. ఆ పిమ్మట గుజరాతు ప్రభుత్వముపై నడచిన యా వ్యాజ్యమున, ఒప్పందము లేకున్నను ప్రభుత్వము నిక్షేపధారివంటిదే యనియు, వస్తువును కాపాడి యప్పగించు విధి దానికి గలదనియు న్యాయమూర్తులు తేల్చిరి. బలవంతమున పట్టుకొన్న వస్తువునకే యీ విధి యున్నప్పుడు, చట్టమునకు తలయొగ్గి స్వయముగా నప్పగించినవాని వస్తువునకు లేకుండునా?

విరాటపర్వకథ యెరుగని తెలుగువాడు లేడు. పాండవులు విరాటుని నగరము ప్రవేశించుటకు ముందు తమ యాయుధములను జమ్మిచెట్టుపై దాచిరి. చూచినవారికి శవమను భీతిగలుగునట్లు చేసిరి. గడువు దీరినపుడు అర్జునుడు ఉత్తరునిచే గాండీవమును దింపించుకొనెను. ఆయుధముతో నగరప్రవేశము తగదని వారికి దోచినది; కాని నమ్మి యప్పగించుటకు మనుష్యుడు లేక చెట్టును నమ్మిరి, కావలికి భటుడు లేక జనుల భయమును నమ్మిరి. అజ్ఞాతవాసమున నున్నవారి కది తప్పదు. పన్ను గట్టుటకును, సాక్ష్యమిచ్చుటకును పట్టపగలు సొంతపేరుతో వచ్చు పౌరునకు అజ్ఞాతవాసపు టుపాయములు పట్టించు ప్రభుత్వము తన పేరు తానే చెరుపుకొనుచున్నది. మంచి రాజ్యమున జమ్మిచెట్టు రాజద్వారముననే యుండవలెను.

ఆక్షేపణలు లేకపోలేదు. వానిలో బలమైనది 2005 మార్చి 11న అట్లాంటా నగరపు న్యాయస్థానమున జరిగిన ఘోరము. విచారణకు దేబడిన ఖైదీ యొకడు కావలియున్న స్త్రీని కొట్టి పడవేసి, ఆమె తాళపుచెవులు లాగికొని, పెట్టెలో దాచిన యామె పిస్తోలునే తీసి, న్యాయాధిపతిని మొదలుకొని మువ్వురిని ఆ కోర్టుకడనే చంపెను. పారిపోయి మరియొకని చంపెను. కోర్టులో పెట్టె యుండుటయే ప్రమాదమనువారు దీనిని జూపుదురు. మేము దీనిని తేలికగా త్రోసివేయము. కాని దీనివలన దెలియవలసినది పెట్టె యుండరాదని కాదు. పెట్టె యుండదగిన చోట నుండవలెనని. ఖైదీలు నడచు దారిలో గాక, ప్రజలు ప్రవేశించు గుమ్మముకడ, సోదాకు ముందే, ఇరువురు భటుల కనుసన్నలలో నుండవలెను. పెట్టెలేని చోట గూడ తుపాకి మాయమైపోదు. బయట బండ్లలో కావలిలేక పడియుండును. ఏది యెక్కువ ప్రమాదమో పాఠకులే యోచింపవచ్చును.

గుండ్లు తీయునపుడు పొరపాటున ప్రేలునని మరియొక యాక్షేపణ. దానికి సిపాయిల శిబిరములలోను, పోలీసుస్టేషనులలోను వాడు ఇసుకపీపా గలదు. తుపాకిమూతి దానిలోనుంచి తీసినచో ప్రేలినను గుండు ఇసుకలో నణగును. ఒరనుండి తీయకయే ఒరతోగూడ పెట్టెలో నుంచుట యింకను మేలు. ఖర్చగునందురా, సోదాయంత్రమునకును భటుల జీతములకును పెట్టు సొమ్ముతో పోల్చినచో ఇనుపపెట్టె వెల యెంత? అప్పగించినవారి పేర్లు వ్రాసి జాబితా గట్టి తరువాత వేధింతురేమో యను శంకకు, పేరులేని అంకెబిళ్లయే సమాధానము. తుపాకులే లేని సమాజము మేలుగదా యని యడుగువారికి మే మొక్కటే చెప్పుదుము: అది శాసనసభలలో తేల్చుకొనవలసిన మాట. చట్టము అనుమతించినంతకాలము, అనుమతించిన దానిని గుమ్మముకడ ఉచ్చుగా మార్చుట ధర్మము కాదు.

అమెరికాలో నున్న మన తెలుగువారికి ఒక హెచ్చరిక గూడ నవసరము. ఉద్యోగపు వీసాపైనను, విద్యార్థి వీసాపైనను నున్నవారికి, వేటలైసెన్సు మొదలగు కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి కలిగియుండుటయే కేంద్రచట్టమున నేరము. వారికి పెట్టె ప్రశ్నయే లేదు. స్థిరనివాసము గాని, పౌరసత్వము గాని పొందినవారు ఒక్కొక్క రాష్ట్రపు నియమము నొక్కొక్కటిగా దెలిసికొని మసలుకొనవలెను. గుమ్మముమీది ప్రకటన చదువలేదను మాట రక్షణకు చాలకపోవచ్చును.

ఇక మన యింటి సంగతి. 1878 నాటి ఆయుధచట్టము దేశీయుని చేతినుండి తుపాకి లాగి, తెల్లవానికి చాలకాలము మినహాయింపిచ్చిన యవమానమును జాతి మరువదు. దాని స్థానమున వచ్చిన 1959 నాటి చట్టము 1962లో అమలులోనికి వచ్చినది. 2019 సవరణతో ఒకరికి రెంటికంటె నెక్కువ తుపాకులు కూడవు. లైసెన్సు గలవారు మనలో కొలదిమందియే. అయినను ఎన్నికలు ప్రకటింపగనే అధికారులు లైసెన్సుదారుల యాయుధములను పోలీసుస్టేషనులలో నప్పగింపుమని యాజ్ఞాపించుట మనకు పరిపాటి. అప్పుడు వ్రాసియిచ్చు రశీదులో తుపాకి యంకెయు, తూటాల సంఖ్యయు, అప్పటి స్థితియు నుండవలెను. ఎన్నికలు ముగిసినపిమ్మట యజమానుని పదిమారులు త్రిప్పక తిరిగి యీయవలెను. త్రుప్పుపట్టిన యెడల నష్ట మెవరిదో ముందే చెప్పియుండవలెను.

తుపాకి లేనివారికి దీనితో పనిలేదనుకొనరాదు. తిరుమలలో శ్రీవారి దర్శనమునకు బోవువారి సెల్‌ఫోనులను దేవస్థానమువారు ఉచితముగా దీసికొని, రశీదిచ్చి, భద్రముగా నప్పగించుచున్నారు. చిన్నగుడి ముంగిట చెప్పులజతకు గూడ చీటీ యిచ్చు దేశము మనది. కాని ఉద్యోగపరీక్ష వ్రాయవచ్చు బీదపిల్లవానితో, ఫోను లోనికి తేవద్దనుట తప్ప, దాచుచోటు చూపని కేంద్రము లెన్నియో కలవు. వాడు దానిని యెదుటి కిళ్లీకొట్టువానిచేతిలో బెట్టి, పరీక్ష మూడుగంటలును సగము మనసు కిళ్లీకొట్టుమీదనే యుంచుకొని వ్రాయుచుండును. సరకు వేరైనను సూత్రమొకటే.

కావున ద్వారముకడ నిషేధప్రకటన అంటించు ప్రతి ప్రభుత్వమును, అమెరికాలోనైనను ఆంధ్రమునందైనను, ఆ ప్రకటన క్రింద మరి నాలుగు పంక్తులు చేర్పవలెను: ఇచ్చటనే దాచబడును, రుసుము లేదు, రశీదు గలదు, పోయినచో మేము బాధ్యులము. ఈ నాలుగు పంక్తులు వ్రాయలేని చేయి మొదటి పంక్తి వ్రాయుటకు తగదు. పౌరుడు చట్టమును నమ్మి తనవద్ద నున్నదానిని విడిచెను. అతడు వెలుపలికి వచ్చునప్పటికి అది యతని చేతికి మరల రావలెను.